మడికీ పరిశుద్ధతకూ నడుమ



తెనాలిలో పుట్టి పెరిగినవాడు ప్యూరిటన్ల పక్షాన నాలుగు మాటలు చెప్పబూనడం కొంత ఇబ్బందికరమైన పనే. 1642 సెప్టెంబరులో లండను నాటకశాలలకు తాళాలు వేయించినది వారి పక్షమే. పద్దెనిమిదేళ్ళ దాకా, అంటే 1660 వరకు, ఆ తాళాలు తీయలేదు. బాపట్లలో జన్మించిన స్థానం నరసింహారావుగారు తెనాలి రంగస్థలం మీద సత్యభామగా నడచి వస్తుంటే కన్నులప్పగించి చూచిన పెద్దల నడుమ పెరిగినవాణ్ణి నేను. నాటకాన్ని పాపమన్నవారి మీద నాకు గౌరవం కలగడానికి చాలా కాలం పట్టింది. అది కూడా అందరి మీద కాదు, ఒక్కరి మీద.

ఆయన పేరు రిచర్డ్ బాక్స్టర్. 1615లో పుట్టి 1691లో కన్నుమూసిన ఇంగ్లీషు పాస్టరు. ఆయన జీవితం చదువుతున్నప్పుడల్లా నాకు మన తెలుగుదేశపు పాస్టరు, కవి, పురుషోత్తమ చౌధరిగారు జ్ఞాపకం వస్తారు. ఈ ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి, పరిశుద్ధత అనే మాటకు అర్థమేమిటో తేల్చుకోవాలని ఈ టపా.

ముందు పేరు సంగతి. ప్యూరిటన్ అన్నది వారు తమకు తాము పెట్టుకొన్న బిరుదు కాదు. 16వ శతాబ్దంలో గిట్టనివారు వెక్కిరింపుగా తగిలించిన పేరు. మన వాడుకలో "మడికట్టుకు కూర్చున్నారు" అని ఎత్తిపొడుస్తామే, ఇంచుమించు ఆ ధోరణి. శుద్ధి పేరుతో తక్కినవారికి ఎడంగా జరిగేవారని లోకం వారిని అనుకొన్నది. కొందరి విషయంలో అది నిజమే కావచ్చు. బాక్స్టరు విషయంలో మాత్రం నాకు అందుకు విరుద్ధమైనది కనిపించింది.

ఆయన పనిచేసిన ఊరు కిడ్డర్‌మిన్‌స్టర్. 1641లో అక్కడికి వెళ్ళాడు. అంతర్యుద్ధం వచ్చి మధ్యలో కొన్నేళ్ళు ఊరు విడువవలసి వచ్చినా, తిరిగివచ్చి 1660 దాకా అక్కడే ఉన్నాడు. అది సాలెల ఊరు. మన రేపల్లె, చీరాల ప్రాంతాలలో మగ్గాల చప్పుడు విన్నవారికి ఆ ఊరిని ఊహించుకోవడం కష్టం కాదు. మగ్గం దగ్గర ఉన్న మనిషి చేతులతో నేస్తూనే ఎదుట పుస్తకం పెట్టుకొని చదువుకోగలడని బాక్స్టరు గమనించాడు. అటువంటివారి కోసం పుస్తకాలు వ్రాశాడు. అచ్చు వేసినవారు తన వంతుగా ఇచ్చిన ప్రతులను డబ్బు చేసుకోకుండా పేదలకు పంచిపెట్టాడు. ఊళ్ళో వైద్యుడు లేని రోజులలో, తన ఆరోగ్యమే అంతంతమాత్రంగా ఉన్నప్పటికీ, తనకు తెలిసిన వైద్యం ఉచితంగా చేశాడు.

అన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి. వేదిక మీద నిలబడి బోధిస్తే తన పని తీరిపోయిందని ఆయన అనుకోలేదు. వారంలో రెండు రోజులు, సోమ మంగళవారాలు, తన సహాయకునితో కలిసి కుటుంబాల వారీగా అందరితో ముఖాముఖి కూర్చునేవాడు. ఒక్కొక్క ఇంటివారిని పలుకరించి, వారికి తెలిసినదేమిటో, బాధిస్తున్నదేమిటో అడిగి తెలుసుకొనేవాడు. సుమారు 800 కుటుంబాలున్న పరగణా అది. ఆ అనుభవం నుంచే 1656లో "ది రిఫార్మ్డ్ పాస్టర్" అనే గ్రంథం వచ్చింది. దాని సారాంశాన్ని నా మాటలలో చెబుతాను: కాపరి ముందు తన హృదయాన్ని చూసుకోవాలి, ఆ తరువాత మందలో ఒక్కొక్క గొర్రెను పేరుపేరునా ఎరుగాలి. ముప్ఫై ఏళ్ళు బడిలో హాజరుపట్టీ పిలిచిన నాకు ఆ రెండవ మాట సూటిగా తగిలింది. పేరు పిలవడం వేరు, పేరుపేరునా ఎరగడం వేరు.

1660లో రాచరికం తిరిగి వచ్చాక హియర్‌ఫర్డ్ బిషప్ పదవి ఇస్తామంటే బాక్స్టరు వద్దన్నాడు. 1662లో కొత్త చట్టానికి తల వంచలేక సుమారు రెండువేల మంది పాస్టర్లు కొలువులు పోగొట్టుకొన్నప్పుడు వారితోపాటు తానూ బయటికి వచ్చాడు. 1685లో, డెబ్బై ఏళ్ళ ముసలితనంలో, న్యాయమూర్తి జెఫ్రీస్ ఎదుట నానా దుర్భాషలూ విని చెరసాలకు వెళ్ళాడు. 1673లో అచ్చయిన "ఎ క్రిస్టియన్ డైరెక్టరీ"లో ఆఫ్రికావాసులను పట్టి బానిసలుగా అమ్మేవారిని దొంగలలోకెల్లా నికృష్టమైన దొంగలుగా పరిగణించాడు. అయితే బానిసత్వాన్ని మొత్తంగా కాదనే దాకా ఆయన పోలేదు. చివరి రోజులలో మంత్రగత్తెలున్నారని నమ్మి పుస్తకమూ వ్రాశాడు. ఆయనలోని ఈ లోపాలను దాచి పొగడటం నాకు ఇష్టం లేదు.

ఇక మన చౌధరిగారు. 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో స్థిరపడిన వంగ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. 1833లో కటకంలో బాప్టిస్టు మిషనరీ లేసీ దొరగారి చేత బాప్తిస్మం పొందారు. కులాన్నీ, బంధువర్గాన్నీ, పుట్టుకతో వచ్చిన మర్యాదనూ వదులుకొని, శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాలలో బోధకులుగా తిరిగి, 1890లో పరమపదించారు. అక్కడ పనిచేసిన లండన్ మిషను వెనుక ప్రధానంగా ఉండిన కాంగ్రిగేషనల్ సంఘాలవారు ఆ పాత ప్యూరిటన్ల వారసులే. కనుక బాక్స్టరునూ చౌధరిగారినీ కలపడం నా కల్పన మాత్రమే కాదు.

చౌధరిగారు పదాలు కట్టారు, శతకం వ్రాశారు, రాగతాళాలు నిర్దేశించి కీర్తనలు రచించారు. తెనాలి, రేపల్లె లూథరన్ దేవాలయాలలోనూ, బాపట్ల బాప్టిస్టు దేవాలయంలోనూ శాఖాభేదం లేకుండా ఆ కీర్తనలు నేటికీ వినిపిస్తాయి. ఆంధ్ర క్రైస్తవ పదకవితా పితామహుడన్న పేరు ఊరకే రాలేదు. అయితే ఆయన "కులాచార పరీక్ష" అనే పుస్తకం కూడా వ్రాశారని ఎంతమంది తలచుకొంటున్నారు? కీర్తన నిలిచింది, పరీక్ష మరుగున పడింది. నా ఫిర్యాదు ఇదే. పరిశుద్ధతను పాడటానికి మనకు నోరు వస్తుంది, దానికోసం కులాచారాన్ని పరీక్షకు పెట్టడానికి మాత్రం మనసు రాదు.

ఈ మాట అనే అర్హత నాకున్నదా అని మిత్రులు అడుగవచ్చు. అందుకే నా సంగతి చెబుతాను.

1984 ప్రాంతంలో రేపల్లెకు అవతల ఒక పల్లెటూరి బడిలో తెలుగు పండితునిగా ఉన్నాను. మా ఇంట మడి ఆచారం గట్టిది. పదవ తరగతిలో ఒక కుర్రవాడు ఉండేవాడు, మాలపల్లె నుంచి వచ్చేవాడు. గణవిభజనలో వానికి వాడే సాటి. ఒకనాడు ఇంట్లోని కీర్తనల పుస్తకం తెచ్చి, "మాస్టారండీ, ఈ పాట మీద ఏదో రాగం పేరు వేశారు, అదెలా ఉంటుందండీ?" అని అడిగాడు. రచయిత పేరు చూచాను. పురుషోత్తమ చౌధరి. ఆ పేరు నేను మొదట తెలుసుకొన్నది ఏ పండితుని వలననో కాదు, ఆ పిల్లవాని వలన.

మధ్యాహ్నం బడిలో పిల్లలు వంతులవారీగా ఉపాధ్యాయులకు మంచినీళ్ళు తెచ్చేవారు. వాని వంతు వచ్చిన రోజున నేను "దాహం లేదురా" అనేవాణ్ణి. గట్టిగా ఏమీ అనలేదు, కసరలేదు. మర్యాదగానే అనేవాణ్ణి. ఏడాది చివర ఒక ఎండరోజున, గ్లాసు చేత పట్టుకొని వాడు అడిగాడు: "నా వంతు రోజునే మీకు దాహం వేయదేమండీ?"

నేను సమాధానం చెప్పలేదు. నీళ్ళూ తాగలేదు. తరువాత కొంతసేపటికి గంట కొట్టారు.

ఆ ప్రశ్న నాలో చాలా ఏళ్ళు నానింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపినప్పుడు అది మళ్ళీ వినిపించింది. 2007లో ప్రత్యేక న్యాయస్థానం 21 మందికి యావజ్జీవం విధించింది, 2014లో హైకోర్టు నిందితులందరినీ విడిచిపెట్టింది. తెనాలి నుంచి బాపట్లకు రైలెక్కితే దారిలో ఆ స్టేషను వస్తుంది. నేనూ చుండూరూ ఒకటని అనను. కాని మర్యాదగా "దాహం లేదు" అన్నవాడు ఆ దూరాన్ని తన వంతు కాపాడినవాడే కదా అని అనుకోకుండా ఆ స్టేషను దాటలేను.

ఆచారం లేకపోతే నిష్ఠ ఎక్కడిది, కట్టుబాటు లేని శుద్ధి ఉంటుందా అని కొందరు అడుగుతారు. సరైన ప్రశ్నే. బాక్స్టరు కట్టుబాట్లు లేని మనిషి కాడు. తన జీవితాన్ని గంటల లెక్కన నియమించుకొన్నవాడు, సంఘంలో క్రమశిక్షణ తప్పితే ఊరుకోనివాడు. అయితే ఆ నిష్ఠ ఆయనను జనానికి ఎడంగా జరపలేదు, వారి దగ్గరికి తీసుకుపోయింది. మన పరీక్ష అక్కడే. నా నియమం నన్ను పొరుగువాని గడపకు చేరుస్తున్నదా, లేక వాని చేతి నీళ్ళు వద్దనిపిస్తున్నదా? ఇది హిందువుల ఇళ్ళకే పరిమితమైన ప్రశ్న కాదు. ఆదివారం చౌధరిగారి కీర్తన పాడి, పెళ్ళి సంబంధానికి కులం వెదికే క్రైస్తవ కుటుంబాలకూ ఇది వర్తిస్తుంది.

తెలుగులో మడి అంటే ఆచారశుద్ధి. పొలంలో గట్లు వేసి విడదీసిన భాగమూ మడే. ఈ రెండింటికీ మూలం ఒకటేనని వాదించను. కాని కృష్ణా పశ్చిమ డెల్టాలో ఏ రైతునడిగినా ఒక సంగతి చెబుతాడు. మడికి గట్టు ఉండవలసిందే, లేకపోతే నీరు నిలువదు. గట్టుకు మడవ కూడా ఉండాలి, లేకపోతే మన మడికి నీరు రాదు, పక్క మడికి పోదు. నేను చాలా ఏళ్ళు గట్టునే చూసుకొన్నాను.

ఆ కుర్రవాడు ఇప్పుడు ఎక్కడో పెద్ద ఉద్యోగంలో ఉన్నాడని విన్నాను. ఎప్పుడైనా తెనాలి వస్తే మా ఇంటికి రమ్మని కబురు పెట్టాను. వస్తే మంచినీళ్ళు వాని చేతితోనే ఇప్పించుకొని తాగాలని ఉన్నది. దానితో పాత బాకీ తీరిపోతుందని కాదు. కనీసం వాని ప్రశ్నకు, ఇన్నేళ్ళ తరువాతైనా, "నాకు అప్పుడు దాహమే వేసిందిరా, అబద్ధమాడాను" అని నిజం చెప్పవచ్చు.

సెలవు.