మెంతులు వేశానంటే సరా?

చారుకి పోపు చివర్లో పెట్టినా ఫర్వాలేదు. అసలు చివర్లో పెడితేనే ఘుమఘుమలాడుతుంది. కానీ దోసెలన్నీ తినేసి అందరూ చేతులు కడుక్కున్నాక, "పిండిలో మెంతులు కూడా వేశానర్రా" అంటే ఎవరొప్పుకుంటారు చెప్పండి? తిన్నవాళ్ళ నాలుకకి తెలీదూ!

హారీ పాటర్ పుస్తకాలు రాసిన జె.కె. రౌలింగ్ గారితో ఆవిడ పాఠకుల తగువు సరిగ్గా ఇదే. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే ఈ పేరు మీకు కొత్తేం కాదు. మా అమ్మాయి ధర్మమా అని నేనూ ఏడు పుస్తకాలూ చదివాను.

ఏడోది 2007 జూలైలో వచ్చింది. కథ అయిపోయింది. అదే అక్టోబరులో న్యూయార్కులోని కార్నెగీ హాల్లో ఆవిడ పాఠకుల్ని కలిస్తే, ఒకరు అడిగారు: ప్రేమే గొప్ప శక్తి అని అందరికీ చెప్పే డంబుల్‌డోర్ తను ఎవర్నయినా ప్రేమించాడా అని. ఆయన ఆ మాయల బడికి హెడ్మాస్టరు లెండి, తెల్లగడ్డం పెద్దాయన. ఆయన గే అనీ, కుర్రతనంలో గ్రిండెల్‌వాల్డ్ అనే అతన్ని ప్రేమించాడనీ ఆవిడ చెప్పేశారు. హాలంతా చప్పట్లు.

బయట మాత్రం రెండు రకాల గొణుగుడు. పిల్లల కథలో ఇదెందుకని కొందరు. చాలా సంతోషం, మరి పుస్తకంలో ఎందుకు రాయలేదని ఇంకొందరు. నా ఓటు ఈ రెండోవాళ్ళకే. ఆవిడ అప్పటికప్పుడు అల్లి చెప్పారనను. ఆరో సినిమా స్క్రిప్టులో డంబుల్‌డోర్ ఓ అమ్మాయిని తలుచుకునే మాట పెడితే, ఆవిడే చీటీ రాసి తీయించారట. ఏడో పుస్తకంలో ఆ ఇద్దరి స్నేహమూ ఉంది. కానీ స్నేహమనే ఉంది! తనూ అలాంటివాణ్ణేనని ఎవరితోనూ చెప్పుకోలేక పుస్తకాల్లో తనలాంటి మనిషి కోసం వెతుక్కునే పిల్లాడు ఏ ఊళ్ళోనైనా ఉంటాడు. వాడు వేల పేజీలు తిరగేసినా ఆ ఒక్క వాక్యం దొరకదు. ఎక్కడో హాల్లో చెప్పిన మాట వాడిదాకా రావద్దూ?

కొన్ని చేర్పులు ఉత్త తమాషా. ఐదో పుస్తకంలో మెక్‌గోనగల్ టీచరమ్మ, ఈ డిసెంబరుకి 39 ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నానంటుంది. కథాకాలం 1995. అంటే చేరింది 1956లో. 2018లో వచ్చిన సినిమాలో 1927 నాటికే ఆవిడ ఆ బళ్ళో ఉంది! పాఠకులు ఊరుకుంటారా? వేళ్ళమీద లెక్కగట్టి మరీ చూపించారు. మన సీరియళ్ళలో హీరోయిన్ వయసు లెక్కేసే వాళ్ళం, మనకీ తెలిసిన విద్యే గదా.

నాకు మింగుడుపడనిది నాగినీ సంగతి. విలన్ పెంచుకునే పాము అది. ఆఖర్న నెవిల్ దాని తల నరికితే అమ్మయ్య అనుకున్నాం. 2018లో ఆ సినిమా ట్రైలరొచ్చాక తేలిందేమిటంటే, అది ఒకప్పుడు ఆడమనిషి, శాపం వల్ల పామైందిట. వేషం కొరియా నటిది. ఆసియా ఆడపిల్లని తెచ్చి విలన్‌కి పెంపుడు పామును చేస్తారా అని చాలామంది మండిపడ్డారు. ఈ రహస్యం ఇరవయ్యేళ్ళుగా దాచానని రౌలింగ్ జవాబు. దాచారు సరే, ఇప్పుడా పేజీ మళ్ళీ చదవాలంటే నాకు మనసొప్పడం లేదు.

2014లో ఇంకో మాటన్నారు: హెర్మయనీని రాన్‌కిచ్చి కట్టబెట్టడం తన ముచ్చట కొద్దీ చేసిన పనేనట. పుస్తకం చివర వాళ్ళకి ఇద్దరు పిల్లలు కూడాను! "పెళ్ళయి పిల్లలు పుట్టాకనా చెప్పేది?" అని మా అమ్మాయి చిందులు తొక్కింది. నాకు మాత్రం ఆ సంబంధం మొదట్నుంచీ నచ్చలేదు. మీ ఇంట్లో ఎవరు ఎటో రాయండి.