పళ్ళు పుచ్చడానికి నీళ్ళొక్కటే కారణమా?

నల్గొండ జిల్లా మర్రిగూడ ప్రాంతంలో పిల్లల పళ్ళు చెడితే ఫ్లోరైడ్ నీళ్ళనే నిందించడం పరిపాటి. పళ్ళపై గోధుమరంగు మచ్చలకు, గారకు ఆ నీళ్ళే కారణమన్నది నిజం. కాని పిప్పిపన్ను సంగతి వేరు. దానికి పురుగూ కారణం కాదు. నోటిలోని సూక్ష్మజీవులు తీపిని ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం పంటి పైపొరను కరిగిస్తుంది. ఎంత తీపి తిన్నారన్నదే కాదు, రోజుకు ఎన్నిసార్లు తిన్నారన్నదీ ముఖ్యమే. మాటిమాటికి చాక్లెట్లు, బిస్కెట్లు తినే పిల్లలకు, పాలసీసా నోట్లో ఉంచుకుని నిద్రపోయే పసివారికి ముప్పు ఎక్కువ.

2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ కింద ఇక్కడికి కృష్ణా నీరు అందుతోంది. ఇక పుట్టే పిల్లలకు మచ్చల బెడద తగ్గవచ్చు. పుచ్చు తగ్గాలంటే మాత్రం తల్లిదండ్రులు తీపి చిరుతిండి తగ్గించాలి, పడుకునేముందు కూడా పళ్ళు తోమించాలి. నొప్పి ముదిరాక డాక్టరు వద్దకు వెళితే చాలామందికి పన్ను పీకించుకోవడమే మిగులుతుంది.