వడదెబ్బతో పోయిన ప్రాణం ఎవరి లెక్కలోకి వస్తది?

ఎండాకాలం ముదిరితే అమ్రాబాద్, పదర, లింగాల పెంటల్లోని చెంచులకు సెలవు లేదు. వనపర్తి తండాల నుంచి ఉపాధి పనికి పోయే అక్కలకూ, గద్వాలలో స్లాబు పోసే కూలీలకూ లేదు. ఎండ అందరి మీదా కాస్తది, కానీ వడదెబ్బ మాత్రం ఆగి నీడకు పోయే హక్కు లేనోళ్లను వెతుక్కుంటూ వస్తది. 2015 మే నెలలో దేశంలో రెండు వేల మందికి పైగా ఎండలకు చనిపోయారు. అందులో ఎక్కువ మంది మన రెండు తెలుగు రాష్ట్రాల వాళ్లే.

మొదట గుర్తుపట్టడం నేర్చుకుందాం. పిక్కలు పట్టేయడం, తల తిరగడం, వాంతి వచ్చినట్టుండడం, విపరీతమైన చెమట, నీరసం కనిపిస్తే ఒళ్లు హెచ్చరిస్తున్నట్టు లెక్క. వెంటనే పని ఆపాలి. నీడలో పడుకోబెట్టి, కొంచెం కొంచెంగా ఓఆర్ఎస్ తాపాలి. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు కలపండి. ఉప్పేసిన మజ్జిగ, అంబలి కూడా మంచిదే. అరగంటలో తేరుకోకపోతే దవాఖానకు తీసుకుపోవాలి.

మనిషి తిక్కతిక్కగా మాట్లాడినా, తూలినా, ఫిట్స్ వచ్చినా, స్పృహ తప్పినా అది వడదెబ్బే అనుకోండి. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటి మెదడుకు దెబ్బ తగులుతున్నట్టు. "చెమట పడుతుంది కదా, వడదెబ్బ కాదు" అని మోసపోవద్దు. కాయకష్టం చేసే వాళ్లకు చెమట పడుతుండగానే వడదెబ్బ తగలొచ్చు. 108కు ఫోన్ చేయండి. కానీ అంబులెన్స్ వచ్చేదాకా చేతులు కట్టుకొని కూర్చోవద్దు. బట్టలు వదులు చేసి ఒళ్లంతా నీళ్లు పోయండి. తడి చీర కప్పి విసరండి. మెడ, చంకలు, గజ్జల్లో ఐసు గానీ తడి గుడ్డలు గానీ పెట్టండి. ముందు చల్లబరచాలి, తర్వాతే తరలించాలి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పారాసిటమాల్ దీనికి పనిచేయదు. జేబులో ఉల్లిగడ్డ పెట్టుకోవడం మన పెద్దల అలవాటే, కాదనం. కానీ మనిషి పడిపోయినప్పుడు ఉల్లిగడ్డ రుద్దుతూ కూర్చుంటే ప్రాణం పోతది.

ఇంకో మాట. కొత్తగా పనిలో చేరినోళ్లకు, జ్వరం నుంచి లేచినోళ్లకు మొదటి రోజుల్లోనే ప్రమాదం ఎక్కువ. ఒళ్లు ఎండకు అలవాటు పడాలంటే వారం, రెండు వారాలు పడుతుంది. అప్పటిదాకా వాళ్లకు పని తక్కువ ఇవ్వాలి.

ఇవన్నీ మనం చేసుకుంటాం, సరే. మరి పని చేయించుకునే వాళ్లు చేయాల్సింది? పనిచోట తాగునీళ్లు, నీడ, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని ఉపాధి హామీ చట్టమే రాసింది. అది మేట్ దయ కాదు, మన హక్కు. కానీ కొలత ప్రకారం కూలి ఇస్తామంటే నీడకు పోయిన ప్రతి నిమిషం కూలీ జేబుకే చిల్లు. అందుకే దాహమైనా ఆగకుండా తవ్వుతున్నారు. తెల్లారుజామున పని మొదలుపెట్టి ఎండెక్కకముందే ముగించాలనీ, ఎండల్లో కొలత తగ్గించినా పూర్తి కూలి ఇవ్వాలనీ గ్రామసభలో గట్టిగా అడగండి.

2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, చనిపోయిన వాళ్ల కుటుంబానికి ఇచ్చే సాయాన్ని 50 వేల నుంచి 4 లక్షల రూపాయలకు పెంచింది. మంచిదే. కానీ పెంటలో, తండాలో మనిషి పోతే "గుండె ఆగింది" అనుకొని సాయంత్రానికే మట్టి చేస్తాం. కాగితం లేదు కాబట్టి ఆ చావు లెక్కలోకే రాదు. అలాంటప్పుడు ఎంత బాధలో ఉన్నా తహసీల్దారుకు, పోలీసులకు తెలపండి. పోస్టుమార్టం చేయించండి.

రేపు పనికి పోయేటప్పుడు మీ పక్కన పని చేసే మనిషి మీద ఒక కన్నేసి ఉంచండి. మాట తడబడితే పార కింద పడేయండి. పని రేపైనా చేసుకోవచ్చు.