దివాలా అర్జీయు, ఇంటి ఖర్చును

"ఐ.పి. పెట్టినాడు" అను మాట కృష్ణా గోదావరీ మండలములలో అక్షరజ్ఞానము లేనివారికిని తెలిసినదే. ఇన్సాల్వెన్సీ పిటిషను అను న్యాయస్థానపు పదబంధము రెండక్షరములుగా కుదించుకొని తెనుగు తిట్లలో నొకటియై కూర్చున్నది. ఆ మాట చెవిని పడగానే జనులకు తోచు రూప మొక్కటే: చీటీల సొమ్ము మింగి, మేడ భార్య పేర వ్రాసి, రాత్రికి రాత్రి ఊరు విడిచిన పెద్దమనిషి. అట్టివారు లేకపోలేదు. కాని ఆ పెద్దమనిషి నీడ మాటున పడి, నిజముగా చితికిపోయిన వాని మొగము ఎవరికిని కానరాకున్నది. ఈ వారము మేము వ్రాయదలచినది వానిని గురించి. అందును ఒక చిన్న లెక్కను గురించి. అప్పులపాలైన గృహస్థు కోర్టు నెదుట నిలిచి, "నాకును నా బిడ్డలకును బ్రదుకుటకు నెలకింత కావలెను" అని చెప్పుకొనవలసిన లెక్క యది.

1920 వ సంవత్సరపు 5 వ నంబరు శాసనము, అనగా ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ ఆక్టు, సామాన్యుని విషయమున నేటికిని జిల్లా కోర్టులలో అమలునందున్నది. మదరాసు, బొంబాయి, కలకత్తా నగరములకు 1909 నాటి శాసనము వేరుగా కలదు. 2016 లో పార్లమెంటు నూతనముగా దివాలా స్మృతి నొకదానిని నిర్మించి, ఈ రెండు పాత శాసనములను రద్దుచేయు నిబంధనను గూడ అందు చేర్చెను. కంపెనీల దివాలాకు సంబంధించిన భాగము ఆ యేడు డిసెంబరు 1 వ తేదీననే నడకలోనికి వచ్చెను. వ్యక్తులకు సంబంధించిన మూడవ భాగమన్ననో, 2019 డిసెంబరు 1 నుండి, కంపెనీల అప్పులకు హామీ నిలిచిన వారికి మాత్రమే వర్తింపజేయబడినది. తక్కిన ప్రజలకు, అనగా దర్జీకి, బడిపంతులుకు, కిరాణా కొట్టువానికి, కౌలు రైతుకు, ఆ నూరేండ్ల నాటి శాసనమే గతి. కోట్ల అప్పుగల కంపెనీకి తొందరగా తలుపు తెరచిన ప్రభుత్వము రెండు లక్షల అప్పు గలవానిని వాకిట నిలువబెట్టుటకు కారణ మేమో మాకు బోధపడకున్నది.

ఆ పాత శాసనము ఇంటి ఖర్చును గూర్చి ఏమి చెప్పుచున్నది? అర్జీలో ఏమేమి వ్రాయవలెనో 13 వ సెక్షను చెప్పును: అప్పుల మొత్తము, అప్పులవారి పేర్లు, నివాసములు, తన ఆస్తి, దాని విలువ, అది యుండు చోటు. ఇంటి ఖర్చు మాట అందు లేనేలేదు. దివాలా ఉత్తరువు వెలువడినంతనే ఆస్తి యంతయు కోర్టునకో రిసీవరునకో సంక్రమించునని 28 వ సెక్షను శాసించి, సివిలు ప్రొసీజరు కోడు ప్రకారము జప్తునకు లోబడని వస్తువులను మాత్రము విడిచిపెట్టినది. ఇక 66 వ సెక్షనున, దివాలాదారునికిని వాని కుటుంబమునకును పోషణార్థము, వాని ఆస్తి నుండియే, కోర్టువారు తమకు న్యాయమని తోచినంత భత్యము నీయవచ్చునని యున్నది. ఆ భత్యమును ఎప్పుడు కావలెనన్న అప్పుడు మార్చవచ్చును, మాన్పవచ్చును. "న్యాయమని తోచినంత" అను మాటకు పట్టిక లేదు, కొలత లేదు. ఒక న్యాయాధిపతికి న్యాయమని తోచినది పొరుగు జిల్లా న్యాయాధిపతికి తోచకపోవచ్చును. అందుచేత అర్జీదారుడు తెచ్చిన లెక్కయే, దాని వెనుక నున్న సాక్ష్యమే, వాని కంచములోని అన్నమును నిర్ణయించుచున్నది.

జప్తునకు లోబడని వస్తువులేవో కోడులోని 60 వ సెక్షనున కలవు. ఒంటిమీది బట్టలు, వంట పాత్రలు, మంచము, పక్క, మతాచారమును బట్టి స్త్రీ విడువరాని ఆభరణములు, చేతిపనివాని పనిముట్లు, రైతుకు నాగలి మొదలగు సేద్యపు సామానులు, జీవనమునకు అవసరమని కోర్టు తలచునంత పశువులును విత్తనపు గింజలును, రైతు, కూలివాడు, ఇంటి నౌకరు తాము కాపురముండు ఇల్లు, కూలివాని కూలి. ఇందు రైతన నెవడని పూర్వము వాదములు జరిగెడివి. 1976 సవరణ ఆ వాదమునకు ముగింపు పలికినది. స్వయముగా సాగుచేయుచు ప్రధానముగా ఆ రాబడిపైననే జీవించువాడు భూస్వామి యైనను, కౌలుదారైనను, వ్యవసాయ కూలియైనను రైతే. ఈ మాటను మన పల్లెలలోని కౌలుదారులు గట్టిగా గుర్తుంచుకొనవలెను. భూమి పరులదైనంత మాత్రమున వారి పూరిల్లు అప్పులవానిది కాజాలదు.

జీతగాని సంగతి వేరు. నెల జీతములో మొదటి వేయి రూపాయలును, మిగిలినదానిలో మూడింట రెండు వంతులును జప్తునకు లోబడవు; భరణపు డిక్రీ యైనచో లెక్క మారును. ఒక ఉదాహరణము ఊహింతము. ఒక ప్రైవేటు బడిలోని పంతులుకు నెలకు 22,000 రూపాయలు జీతము. మొదటి వేయి పోగా మిగిలినది 21,000. అందు మూడింట రెండు వంతులు 14,000. వెరసి 15,000 వానివి, 7,000 జప్తునకు. ఇప్పుడు ఇల్లు చూడుడు. తాను, భార్య, ఇద్దరు పిల్లలు, ముసలితల్లి. అద్దె 5,500. బియ్యము, పప్పు, నూనె, పాలు, కూరలు కలసి 7,000. గ్యాసు, కరెంటు 1,600. పిల్లల చదువు నెలకు పడునది 2,400. తల్లి మందులు 1,500. బస్సు చార్జీలు, ఫోను 1,200. మొత్తము 19,200. కొత్తబట్ట ఒకటియైనను, పండుగ ఒకటియైనను, జ్వరమొకటియైనను ఇందు చేరలేదు. అయినను నెలకు 4,200 తక్కువ. ఆ తక్కువను పంతులు ఎట్లు పూడ్చుకొనును? నూటికి మూడు రూపాయల నెలవడ్డీకి మరల అప్పు చేయును. పాత అప్పు తీర్చుటకై చట్టము వానిచే కొత్త అప్పు చేయించుచున్నదన్నమాట. ఇరువది నాలుగు నెలలు జప్తు జరిగిన పిమ్మట ఆ డిక్రీ క్రింద మరల జీతము పట్టరాదను నియమ మొకటి ఉన్నది కాని, ఆ ఇరువది నాలుగు నెలలలో పుట్టిన కొత్త అప్పులకు కొత్త డిక్రీలు కాచుకొనియుండును గదా!

వృత్తిరీత్యా మేము చూచునదేమన, అర్జీదారులు ఖర్చుల లెక్క వ్రాయునపుడు ఎక్కువ వ్రాయువారికంటె తక్కువ వ్రాయువారే హెచ్చు. సిగ్గు వారిని మ్రింగివేయును. "అమ్మ మందులు వ్రాయవద్దండి, ఎట్లో సర్దుకొందును" అనువారు ఉందురు. తక్కువ వ్రాసిన లెక్క ధర్మమువలె కనబడును కాని, దాని ఫలము ఆరు నెలలలో తెలియును. కోర్టున కొప్పుకొన్న వాయిదా తప్పును. తప్పినవాడు మోసగాడని పేరుపడును. కావున లెక్క నిజముగా నుండవలెను. నెలనెల పడని ఖర్చులనే జనులు మరచుచున్నారు. జూను మాసపు బడి రుసుములు, పుస్తకములు, ఏటికొకమారు బట్టలు, ఇంటి పన్ను, భీమా వాయిదా, తండ్రి ఆబ్దికము, ఇవన్నియు ఏడాది మొత్తముగా కూర్చి పండ్రెండింట భాగింపవలెను. సేద్యగానికి ఇది తారుమారు: ఖర్చు నెలనెల, రాబడి పంటకొకమారు. వాని లెక్క పంటకాలము మొత్తమునకు కట్టవలెను గాని, పంట చేతికి వచ్చిన నెల చూపి "వీనికి లోటేమి?" యనుట అన్యాయము. ప్రతి పద్దునకును కాగితముండవలెను: అద్దె రసీదు, కరెంటు బిల్లు, బడి రసీదు, వైద్యుని చీటి, మందుల బిల్లులు, రేషను కార్డు. కాగితము లేనిచోట మూడు నెలలపాటు దినఖర్చు పుస్తకమొకటి వ్రాసిన చాలును. ఇల్లాలు వ్రాసినదైనచో మరియు మేలు, ఏలనన లెక్క తెలిసినది ఆమెకే.

భార్య సంపాదన యున్నచో దాచరాదు. ఆమె కుట్టుపనిచేసి ఇంటికి రెండువేలు తెచ్చుచున్నచో ఆ రెండువేలకు సరిపడు ఖర్చును ఆమె పేర చూపవలెను. అయితే ఆమె స్త్రీధనము ఆమెదే. భర్త అప్పునకు అది బాధ్యము కాదు. ఇది చెప్పిన వెంటనే కొందరు తెలివిపరులు తమ పొలమును ఆమె పేర వ్రాయుటకు సిద్ధపడుదురు. దివాలా అర్జీ దాఖలైన దినమునకు ముందు రెండేండ్లలో ప్రతిఫలము లేక చేసిన అట్టి బదలాయింపులను 53 వ సెక్షను క్రింద కోర్టు కొట్టివేయగలదని వారెరుగుదురు గాక.

ఇక వాదమునకు వచ్చు పద్దులు కొన్ని కలవు. సెల్లుఫోను విలాసమని అప్పులవారి ప్లీడర్లు వాదించుట కలదు. మేమొప్పుకొనము. కూలి పిలుపు రావలెనన్నను, ఆటో బేరము తగులవలెనన్నను, పంతులుకు బడి ఉత్తరువు తెలియవలెనన్నను నేడది వడ్రంగి ఉలి వంటిదే. పొగాకు, సారాయము ఖర్చులు వ్రాయబోవుట న్యాయాధిపతికి నవ్వు తెప్పించుటకే. పెండ్లి ఖర్చు ఏ నెలసరి లెక్కలోను ఇముడదు. కూతురి పెండ్లికై చేసిన అప్పే పలు అర్జీలకు మూలమగుచున్నపుడు దానినే మరల ఖర్చుగా చూపుట తగదు. చిక్కైనది చదువు. పెద్ద కాలేజీలో ఇంటర్మీడియటు చదువు కుమారునికి లక్ష రూపాయల రుసుము న్యాయమైన ఖర్చా? అప్పులవాడు కాదనును, తండ్రి అవుననును. మా యభిప్రాయము: మొదలుపెట్టిన యేడు ముగియువరకు దానిని కొనసాగనీయవలెను, మరుసటి యేడు ప్రభుత్వ కళాశాలకు మార్చుకొనుట తండ్రి విధి. పిల్లవాని చదువును నడుమ తెంచి వచ్చు నాలుగువేలు అప్పులవానికి మేడ కట్టించవు.

అప్పులవారి పక్షమును విస్మరింపరాదు. అప్పిచ్చినవాడు ఎల్లప్పుడును షావుకారు కాడు. పెన్షను డబ్బు చీటి వేసిన వితంతువు, ఎరువుల దుకాణములో అరువిచ్చిన చిన్న వర్తకుడు, చేబదులిచ్చిన తోటి పనివాడు గూడ అప్పులవారి జాబితాలోనే యుందురు. దివాలాదారుని ఖర్చు లెక్కలో చేరిన ప్రతి రూపాయయు వారి భాగమునుండి పోవునదే. అందుకే విముక్తి కోరువాని దుబారాను, జూదమును, సాహసపు బేరములను విచారింపుమని 42 వ సెక్షను కోర్టు నాజ్ఞాపించుచున్నది. వాని ఆస్తి, పూచీలేని అప్పులకు రూపాయికి ఎనిమిది అణాలైన రానిచో, అది వాని తప్పుకాని కారణముచేత జరిగినదని తానే రుజువు చేసికొనవలెను. అణాలు పోయి ఎన్నియో యేండ్లైనను శాసనమున నవి నిలిచియే యున్నవి!

ఇతర దేశములవారు ఈ చిక్కును ఎట్లు తీర్చికొనిరి? అమెరికాలో 2005 శాసనము, నిర్ణీతమైన రాబడికి మించినవారి విషయమున, ఆహారము, బట్టలు మొదలగువాటికి అచ్చటి రెవెన్యూ శాఖవారి పట్టికలనే ప్రమాణముగా గ్రహించినది. ఇంటికిని వాహనమునకును ప్రాంతములనుబట్టి వేరు పట్టికలు కలవు. పట్టిక కఠినమే, కాని ముందుగా తెలిసిన కఠినము. మన 2016 స్మృతి ఆ దారి నడచుటకు ఒక అడుగు వేసినది. అతి పేదలకు అప్పు మాఫీతో క్రొత్త జీవితమును ప్రసాదింతునని చెప్పి, ఏటికి 60,000 రూపాయల రాబడి, 20,000 రూపాయల ఆస్తి, 35,000 రూపాయల అప్పు, వీటికి మించరాదని, స్వంత ఇల్లు ఉండరాదని హద్దులు పెట్టినది. నెలకు ఐదువేల రాబడి గల కుటుంబము! ఉపాధి కూలి చేయు దంపతులైనను ఆ హద్దు దాటకుందురా? అమలులోనికి రాకమునుపే ఆ అంకెలు ముసలివైనవి.

వింతయేమన, అప్పిచ్చువారి విషయమున మన ప్రభుత్వము ఈ లెక్కను గ్రహించియే యున్నది. 2010 లో సూక్ష్మ ఋణ సంస్థల వారపు వాయిదాలు ఆంధ్ర గ్రామములలో కలిగించిన ఆర్తనాదము పిమ్మట నాటి ప్రభుత్వము ఆర్డినెన్సును, 2011 లో శాసనమును చేసెను. 2022 ఏప్రిలు 1 నుండి రిజర్వు బ్యాంకు, ఏడాదికి 3 లక్షలు మించని రాబడి గల కుటుంబములకు, వాయిదాల మొత్తము నెల రాబడిలో సగమునకు మించరాదని నిబంధించినది. అనగా సగము అప్పునకు, సగము అన్నమునకు. అప్పిచ్చునాడు పనికివచ్చిన ఈ కొలత అప్పు చెడిననాడు కోర్టునకు ఏల పనికిరాదు?

సివిలు కోడులోనే 57 వ సెక్షనున మరియొక పట్టిక కలదు. డిక్రీ క్రింద జైలుకు పోవు ఋణగ్రస్తునికి నెలసరి భత్యము ప్రభుత్వము నిర్ణయింపవచ్చును; హోదాను, జాతిని, దేశీయతను బట్టి హెచ్చుతగ్గులుగా! ఆ మాటలు వ్రాసిన 1908 నాటి దొరల మనస్సు మనకు తెలిసినదే. వారికైనను ఖైదులోని ఋణగ్రస్తుని అన్నమునకు పట్టిక అవసరమని తోచినది. ఇంటనున్న వాని బిడ్డల అన్నమునకు మాత్రము తోచలేదు.

ఢిల్లీ నుండి నోటిఫికేషను వచ్చువరకు చేతులు ముడుచుకొని కూర్చుండ నక్కరలేదు. 1920 శాసనపు 79 వ సెక్షను ప్రకారము, రాష్ట్ర ప్రభుత్వపు సమ్మతితో నియమములు చేయు అధికారము హైకోర్టులకు కలదు. కుటుంబములోని మనుష్యుల సంఖ్యనుబట్టి, పల్లె పట్టణ భేదమునుబట్టి, రెండేండ్లకొకమారు ధరలతో సవరించుచు, 66 వ సెక్షను భత్యమునకు ఒక కనీసపు పట్టికను వారు ఏర్పరుపవచ్చును. ప్రత్యేక కారణమున్నచోట న్యాయాధిపతి దానిని మించి ఈయవచ్చును. జీతపు జప్తులోని ఆ వేయి రూపాయల అంకెను మార్చుట పార్లమెంటు పని; మన ప్రతినిధులు వచ్చు సమావేశములోనే దానిని ప్రశ్నింపవలెను. ఇక న్యాయవాదుల సంఘములు చేయగలది యొకటున్నది: ఇంటి ఖర్చుల ఫారము నొకదానిని తెనుగున అచ్చువేయించి, జిల్లా కోర్టులోను సబు కోర్టులోను గుమాస్తా బల్లపై ఉంచుట. నాలుగు పుటలు చాలును. ఏటికొకమారు పడు ఖర్చులకు ప్రత్యేకముగా ఒక గడి, ఇల్లాలి సంతకమునకు ఒక గడి అందు ఉండవలెను.