సున్నా ఉండాల్సిన చోట నాలుగు!

మా అక్కావాళ్లది హన్మకొండ. కారు డీజిల్‌ది. పొద్దున పిల్లల్ని బడిలో దించడం, అటు నుంచి బావగారి ఆఫీసు, సాయంత్రం కూరగాయలు... ఇదీ దాని దినచర్య. ఓ రోజు డాష్‌బోర్డులో పసుపు దీపం వెలిగింది. చూపించిన చోట ‘ఫిల్టర్ పూడుకుపోయింది, కొత్తది వేయాల్సిందే’ అన్నారు. వాళ్లు చెప్పిన అంచనా విని అక్కకు ఆ పూట ముద్ద దిగలేదు. పిల్లల ఫీజుకని దాచింది అందులో పోతుంది మరి!

ఏమిటా ఫిల్టర్ అంటారా? 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 నిబంధనలు వచ్చాక డీజిల్ కార్ల పొగ దారిలో మసిని పట్టే జల్లెడ చేరింది. పేరు డీపీఎఫ్. పట్టిన మసిని తనలోనే కాల్చేసుకుంటుంది. అందుకు సుమారు 600 డిగ్రీల వేడి కావాలి. హన్మకొండ చౌరస్తాకీ కాజీపేటకీ మధ్య తిరిగే బండికి అంత వేడి ఎక్కడిది?

మసి ఎంత పేరుకుందో కనిపెట్టేది అరచేతిలో ఇమిడే ప్రెషర్ సెన్సర్. ఫిల్టర్‌కు ముందు నుంచి ఒక గొట్టం, వెనక నుంచి ఒక గొట్టం దానికి వస్తాయి. రెండు వైపులా ఒత్తిడిలో తేడా పెరిగితే మసి నిండినట్టు లెక్క. మరి సెన్సరే అబద్ధం చెబితే?

ఆటోనగర్‌లో బావగారికి తెలిసిన మెకానిక్ ఆ మాటే అన్నాడు. ‘ఆగుండ్రి సార్, ముందుగాల సెన్సర్ జూద్దాం’ అని స్కానర్ తగిలించాడు. తాళం తిప్పాడు, ఇంజిన్ మాత్రం స్టార్ట్ చేయలేదు. పొగే లేనప్పుడు రెండు వైపులా ఒత్తిడి ఒకటే కదా, సున్నా చూపాలి. నాలుగు కిలోపాస్కల్ చూపించింది! గొట్టాలు రెండూ ఊడదీశాడు. అయినా నాలుగే. ప్లగ్గు దగ్గర మల్టీమీటర్ పెడితే సెన్సర్‌కు వెళ్లాల్సిన 5 వోల్టులు సరిగ్గానే వెళ్తున్నాయి. అంటే వైరింగు బాగుంది, పోయింది సెన్సరే.

అన్నిసార్లూ సెన్సరే దోషి కాదు. ముందు గొట్టం చిరిగితే ఒత్తిడి అక్కడే జారిపోతుంది. ఫిల్టర్ నిండినా ఖాళీగా ఉన్నట్టే కనిపిస్తుంది. ఇది ఇంకా ప్రమాదం. గొట్టంలో మసి అడ్డుపడినా లెక్క తప్పుతుంది. శుభ్రం చేస్తామంటూ కంప్రెసర్ గాలి సెన్సర్‌లోకి కొట్టనివ్వకండి, లోపలి పలచని పొర దెబ్బతింటుంది.

కొత్త సెన్సర్ బిగించి, స్కానర్‌తో సున్నాకు సరిచేశాడు. ఇంజిన్ వేడెక్కాక యాక్సిలరేటర్ తొక్కితే అంకె పెరిగింది, వదిలితే దిగింది. ఫిల్టర్‌కు ఏమీ కాలేదు.

‘అసలు ఆ ఫిల్టరే పీకేయిస్తే పోలా’ అని సలహా ఇచ్చిన పక్కింటాయన కూడా ఉన్నారు. ఆ మసి పోయేది మన పిల్లల ఊపిరితిత్తుల్లోకే అని అక్క ఆయనకు గట్టిగానే చెప్పింది. ఇప్పుడు ఆదివారాలు ఇంటిల్లిపాదీ హైదరాబాద్ రోడ్డెక్కి స్టేషన్ ఘన్‌పూర్ దాకా వెళ్లొస్తున్నారు. మసి కాలడానికట. మిర్చి బజ్జీల కోసమని పిల్లల అనుమానం.