చెట్టు నీడ... పిడుగు జాడ!

కొమురవెల్లి మల్లన్న గొల్లకురుమల ఇలవేల్పు. సంక్రాంతికి మొదలైన జాతర ఉగాదితో సద్దుమణుగుతుంది. బండారి బొట్టుతో మొక్కు తీర్చుకున్న కాపరి మందను తోలుకుని మళ్లీ చెలకల బాట పడతాడు. సరిగ్గా అప్పుడే ఎండలు ముదురుతాయి. వాటి వెనకే గాలిదుమారాలు, ఉరుములు, పిడుగులు!

నాలుగు చినుకులు పడగానే కాపరి చేసే పని ఒకటే. గొంగడి నెత్తిన కప్పుకుని దగ్గర్లోని చెట్టు కిందికి చేరతాడు. గొంగడి వానను ఆపుతుంది కానీ పిడుగును ఆపదు. చెట్టయితే దాన్ని పిలిచి మరీ నెత్తిన పెడుతుంది.

ఎందుకంటే, మైదానంలో అన్నిటికన్నా ఎత్తుగా ఉన్నదానిపైనే పిడుగు పడే అవకాశం ఎక్కువ. వేపచెట్టయినా తాటిచెట్టయినా ఒక్కటే. చెట్టు మీద పడిన విద్యుత్తు పక్కనున్న మనిషి మీదికి దూకుతుంది. అంతటితో ఆగక నేలలోకీ పాకుతుంది. ఒక కాలి నుంచి ఎక్కి మరో కాలి నుంచి దిగుతుంది. జీవాలకు ముందుకాళ్లు, వెనక కాళ్లు ఎడంగా ఉంటాయి కాబట్టి వాటికి ముప్పు మరీ ఎక్కువ. 2016 ఆగస్టులో నార్వేలో 323 రెయిన్‌డీర్ జింకలు పిడుగుపాటుకు ఒకేచోట కుప్పకూలాయి.

మన దగ్గరా తక్కువేం కాదు. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల ప్రకారం 2022లో దేశంలో పిడుగులకు బలైనవారు 2,887 మంది. ఆ ఏడాది ప్రకృతి వైపరీత్యాల మరణాల్లో ఇవి మూడో వంతుకు పైనే.

మరేం చేయాలి? మెరుపు కనిపించగానే అంకెలు లెక్కపెట్టండి. మూడు సెకన్లకు కిలోమీటరు లెక్క. 30 లోపు ఉరిమిందంటే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉన్నట్టు. వెంటనే పక్కా ఇంట్లోకి వెళ్లాలి. అద్దాలు మూసిన కారు, బస్సు కూడా ఫర్వాలేదు. గుడిసె, ఆటో, బైకు రక్షణ ఇవ్వవు. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రావొద్దు. కల్లంలో వడ్లు తడుస్తాయని పరదాలు కప్పడానికి పరుగెత్తడమూ ప్రమాదమే. మబ్బు పట్టినప్పుడే ఆ పని ముగించాలి.

దగ్గర్లో ఇల్లే లేకపోతే? చెట్లకు, కరెంటు స్తంభాలకు, కంచె తీగలకు, చెరువు నీళ్లకు దూరంగా జరగాలి. పాదాలు రెండూ దగ్గరగా పెట్టి గొంతుక్కూర్చుని, తల వంచి చెవులు మూసుకోవాలి. పడుకోకూడదు. నలుగురుంటే ఎడంగా ఉండాలి. దీంతో ముప్పు తగ్గుతుందే తప్ప పూర్తిగా తప్పదు. అందుకే ముందే ఇల్లు చేరడం మేలు. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ అధ్యయన సంస్థ రూపొందించిన ‘దామిని’ యాప్ ఫోన్లో ఉంటే చుట్టుపక్కల పిడుగుల ముప్పును ముందే చెబుతుంది.

ఇంట్లో ఉన్నామనీ ధీమా వద్దు. ఉరుముతున్నంతసేపూ స్నానాలు, గిన్నెలు కడగడం ఆపాలి. టీవీ ప్లగ్గు ఉరుములు మొదలవక ముందే తీసేయాలి. సెల్‌ఫోన్ పిడుగును ఆకర్షించదు కానీ, చార్జింగ్‌లో పెట్టి మాట్లాడితే ప్రమాదమే.

పిడుగు తగిలినవారిని ముట్టుకుంటే షాక్ కొడుతుందనేది అపోహ. వారి ఒంట్లో కరెంటు మిగలదు. ఊపిరి ఆగితే 108కి ఫోన్ చేసి, ఛాతీ నడుమ నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండాలి. ఆ కొద్ది నిమిషాలే ప్రాణం నిలబెట్టవచ్చు.

ఉరిమితే అర్జునుడి పేర్లు తలచుకోవడం మన పెద్దల అలవాటు. తలచుకోండి, కానీ ఇంట్లోకి చేరాక! మందను వదిలి రావడానికి కాపరికి మనసొప్పదు. నిజమే. కానీ గొర్రె పోతే మళ్లీ కొనుక్కోవచ్చు. కాపరి పోతే ఆ ఇంటికి దిక్కెవరు?