హోదా మేనేజరు, బ్రతుకు కార్మికునిది

ప్రాజెక్టు మేనేజరు కూడా కార్మికుడే అంటే మన శ్రేణులలోనే కొందరు నవ్వుతున్నారు. లక్ష రూపాయల జీతం, అద్దాల భవనం, మెడలో గుర్తింపు బిళ్ళ ఉన్నవానికి సంఘమెందుకని వారి ప్రశ్న. పుదుచ్చేరి ఇందిరా నగర్ వంటి మధ్యతరగతి నివాస ప్రాంతాలలో మన కార్యకర్తలు తలుపు తట్టినప్పుడు అవతలి నుండి కూడా అదే మాట వినవస్తున్నది: "మేము మేనేజర్లం గదా, యూనియను మాకు వర్తించదు." ఈ మాట అంటున్నది ఎవరు? చెన్నై, హైదరాబాదు కంపెనీల పనిని ఇంటి ముందుగదిలో కూర్చుని చేస్తున్న యానాం, కాకినాడ బిడ్డలు. రాత్రి 11 గంటలకు అమెరికా ఖాతాదారుకు సంజాయిషీ చెప్పి, ఉదయం 9 గంటలకు మళ్ళీ జట్టు సమావేశానికి హాజరయ్యేవారు. వారికి ఓవర్‌టైము లేదు. ఆ గంటలను లెక్కించే నాథుడూ లేడు.

ఇది కార్మికోద్యమానికి ఎరుగని ఊరు కాదు. 1936 జూలై 30న సవానా మిల్లు వద్ద ఫ్రెంచి పాలకుల తూటాలకు 12 మంది కార్మికులు బలియైనారు. ఆ నెత్తుటి ఫలితంగానే 1937లో ఫ్రెంచిండియాలో ఎనిమిది గంటల పనిదినం చట్టబద్ధమైనది. ఆనాటి దక్షిణ భారత మిల్లులలో యజమానికీ కార్మికునికీ నడుమ మేస్త్రీ ఉండేవాడు. పనిలోకి తీసుకొనేవాడూ అతడే, జరిమానా వేయించేవాడూ అతడే. మామూళ్ళూ పుచ్చుకొనేవాడు. దొర ముందు చేతులు కట్టుకొని నిలబడేవాడు, మగ్గాల ముందు మీసం మెలివేసేవాడు. తరువాతి కాలంలో సిబ్బంది శాఖలు వచ్చి ఆ అధికారమంతా లాగుకొన్నాక మేస్త్రీకి మిగిలినది రెండు వైపుల తిట్లు మాత్రమే.

నేటి ప్రాజెక్టు మేనేజరు ఆ మేస్త్రీకి వారసుడు. అయితే ఆ పాత అధికారం కూడా ఇతనికి లేదు. జట్టులో ఎవరుండవలెనో పై వారు నిర్ణయిస్తారు. గడువును ఖాతాదారు నిర్ణయిస్తాడు. ఖర్చు పరిమితిని ఆర్థిక విభాగం గీస్తుంది. గడువు తప్పినప్పుడు మాత్రం సంజాయిషీ ఇతనిది. ఒక మేనేజరుకు ఒక ప్రాజెక్టు అన్న రోజులు పోయి, మూడు నాలుగు ప్రాజెక్టులు ఒకే భుజానికి ఎత్తుతున్నారు. జట్టు ఒకే చోట ఉండదు. నలుగురు నాలుగు ఊళ్ళలో, ముఖాలు తెరమీద. ఇంతకాలం ఇతని చేతి పనిగా ఉన్న సమావేశ నివేదికలు, పని పట్టికలు, పురోగతి లెక్కలు ఇప్పుడు కృత్రిమ మేధ యంత్రాలు క్షణాలలో తయారు చేస్తున్నాయి. "ఇక నీ అవసరమేమి?" అన్న ప్రశ్న పైనుండి మొదలైనది.

అన్నిటికన్న దుర్మార్గమైనది పనితీరు శ్రేణీకరణ. జట్టులో అందరూ చెమటోడ్చి పనిచేసినా, ఇంతమందిని అట్టడుగు శ్రేణిలో వేసి తీరవలెనన్న లెక్క అనేక కంపెనీలలో నడుస్తున్నది. పేర్లు వ్రాసేది మేనేజరు. చిన్న ఉద్యోగి కంటికి తన గొంతు కోసినవాడు అతడే. ఆ కోపం అన్యాయమని మేము అనము. తన కుర్చీ కాపాడుకొనుటకు క్రిందివారిని పిండిన మేనేజర్లు కొల్లలు. కాని ఆ పట్టిక పై అంతస్తుకు చేరిన తరువాత అక్కడ మరొక పట్టిక తయారవుతుంది. అందులో ఇతని పేరు ఉంటుంది.

2025 జూలైలో అది బట్టబయలైంది. 6 లక్షలకు పైబడిన ఉద్యోగులున్న టి.సి.ఎస్. తన సిబ్బందిలో 2 శాతాన్ని, అనగా సుమారు 12 వేల మందిని తొలగించనున్నట్లు ప్రకటించినది. వేటు ముఖ్యంగా మధ్య, ఉన్నత శ్రేణులపైనేనని సంస్థయే చెప్పినది. పదిహేను, ఇరువది ఏండ్ల అనుభవమున్నవారు, ఇంటి అప్పు సగంలో, పిల్లల చదువు నడిమధ్యలో ఉన్నవారు ఆ శ్రేణులలోనే ఉంటారు. అనుభవం అర్హత కావలసిన చోట అధిక జీతమనే నేరమైనది.

ఇక చట్టం సంగతి. 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం, ప్రధానంగా నిర్వహణ లేక పరిపాలన హోదాలో ఉన్నవాడు కార్మికుడు కాడు. పర్యవేక్షణ పనిలో ఉండి నెలకు 18,000 రూపాయలకు మించి వేతనం పొందేవాడూ కాడు. సాంకేతిక పనికీ, గుమాస్తా పనికీ మాత్రం జీతపు పరిమితి లేదు. నియామక పత్రంలోని హోదా పేరు కాదు, వాస్తవంగా చేసే ప్రధానమైన పని ఏదన్నదే గీటురాయి అని సుప్రీంకోర్టు పాత చట్టం క్రింద పలుమార్లు స్పష్టం చేసియున్నది. ఒకరిని పనిలోకి తీసుకొనే అధికారం లేదు, తీసివేసే అధికారం లేదు, సెలవుపై తుదిమాట లేదు, పది రూపాయలు ఖర్చు పెట్టుటకు సొంత సంతకం చెల్లదు. అట్టివాడు ఏ విధంగా నిర్వాహకుడో యాజమాన్యాలే చెప్పవలెను.

ఈ తేడా మాటల గారడీ కాదు. ఏడాది సర్వీసు నిండిన కార్మికుని తొలగించవలెనన్న నెల నోటీసు లేక దాని వేతనం, పూర్తి చేసిన ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు వేతనం ఇవ్వవలెను. అందుకే తొలగింపు ఉత్తర్వు ఇవ్వరు. గదిలోనికి పిలిచి, అనుభవ పత్రం పాడవుతుందని బెదిరించి, రాజీనామా వ్రాయిస్తారు. కాగితం మీద అది స్వచ్ఛంద నిష్క్రమణ. అక్కడికక్కడే సంతకం చేయవద్దు. ఒక రోజు గడువు అడగండి, జరిగిన సంభాషణ తేదీతో వ్రాసి ఉంచుకొనండి, ఉత్తరాల నకళ్ళు భద్రపరచండి, సంఘ కార్యాలయానికి రండి.

యానాంను మరువలేము. 2012 జనవరిలో అక్కడి సిరామిక్ కర్మాగారపు వేతన వివాదం ముదిరి, పోలీసు చర్య సందర్భంలో కార్మిక నాయకుడొకరు, తదుపరి హింసలో కంపెనీ ఉన్నతాధికారి ఒకరు మరణించారు. కర్మాగారం తగులబడినది. కార్మికులూ అధికారులూ ఒకే గేటులోంచి వచ్చి పోతూ ఒకరినొకరు ఎరుగని చోట కోపం ఎదుట కనిపించిన మనిషి మీదనే పడుతుంది. ఆ రెండు మరణాలనూ మేము ఒకే దుఃఖంతో తలచుకొంటున్నాము.

పుదుచ్చేరి ఎ.ఎఫ్.టి. మిల్లు 2020లో మూతపడినది. మిల్లు కార్మికుల మనుమలు కొందరు నేడు మేనేజరు హోదా తగిలించుకొని తిరుగుతున్నారు. తాతల సంఘ రశీదులు ఇంటి పెట్టెలో ఉండియే ఉంటాయి. వచ్చే సభ్యత్వ సేకరణలో శాఖలన్నీ దరఖాస్తు ఫారంలో "హోదా" అన్న గడిని కొట్టివేసి, దాని స్థానంలో "చేసే పని" అని వ్రాయించవలెను. వారికి వీలైన వేళ రాత్రి షిఫ్టు ముగిసిన తరువాతనే గనుక, కార్యాలయం తలుపు ఆదివారం ఉదయం తెరచి ఉంచవలెను.